బస్ డిపో యార్డులో పడిన వాన ఎక్కడికి పోతుంది?

తెల్లవారుజామున నాలుగింటికి ఏ ఆర్టీసీ డిపో గేటు దగ్గర నిలబడినా దాదాపు ఒకే దృశ్యం. ఫస్ట్ సర్వీసుల డ్రైవర్లు బస్సులు స్టార్ట్ చేసి అలాగే ఉంచుతారు. బ్రేకులకు గాలి నిండేదాకా బండి కదపకూడదు కాబట్టి ఇంజిన్లు నడుస్తూనే ఉంటాయి. వాషింగ్ ర్యాంపు మీద రాత్రి కడిగిన బస్సుల నీళ్లు ఇంకా కారుతుంటాయి. డీజిల్ బంకు చుట్టూ నేల నల్లగా, జిడ్డుగా ఉంటుంది. జూన్‌లో మొదటి వాన పడిందంటే ఆ జిడ్డంతా పైకి తేలి, నీళ్ల మీద రంగురంగుల పొరలా సాగి, యార్డు వాలు ఎటుంటే అటు పోతుంది. ప్రహరీ తూము దాటాక అది మురుగుకాల్వలో కలుస్తుందా, చెరువులో కలుస్తుందా, పక్క కాలనీ బోర్లలోకి ఇంకుతుందా అన్నది డిపోని ఎక్కడ కట్టారో, ఎలా కట్టారో దాని మీద ఆధారపడి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి రెండు వందలకు పైగా ఆర్టీసీ డిపోలున్నాయి. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకం కింద దేశమంతా 10,000 ఎలక్ట్రిక్ బస్సులు రావాలి. వాటికి ఛార్జింగ్ డిపోలు కావాలి. పాతవి మార్చాలి, కొత్తవి కట్టాలి. బస్సులు పెరగడం పర్యావరణానికి మంచిదే. నిండా జనంతో వెళ్లే ఒక్క బస్సు రోడ్డు మీద నుంచి ఎన్ని బైకులను, కార్లను తప్పిస్తుందో అందరికీ తెలుసు. అందువల్ల డిపో వద్దనడం పరిష్కారం కాదు. అయితే బస్సు వల్ల కలిగే మేలు ఊరంతా పంచుకుంటుంది, డిపో వల్ల కలిగే ఇబ్బంది మాత్రం గోడ పక్కనున్న నాలుగు వీధులు, కింద ఉన్న ఒక చెరువు భరిస్తాయి. పర్యావరణ ప్రభావాన్ని ముందే అంచనా వేయాలనేది ఆ నాలుగు వీధుల కోసం, ఆ చెరువు కోసం.

మన చట్టం ఆ పని ఎంతవరకు చేస్తోంది? 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006 సెప్టెంబర్ 14న వచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో విమానాశ్రయాలున్నాయి, ఓడరేవులున్నాయి, హైవేలున్నాయి, రోప్‌వేలు కూడా ఉన్నాయి. బస్ డిపో అనే పేరు లేదు. డిపో అందులోకి రావాలంటే భవన నిర్మాణ ప్రాజెక్టుగానే రావాలి. 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణ విస్తీర్ణం ఉన్న ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలని 8(ఎ) అంశం చెబుతుంది. 20,000 చదరపు మీటర్లంటే సుమారు ఐదెకరాలు. వంద బస్సుల డిపోకి అటూ ఇటూగా అంత స్థలం కావాలి.

ఇక్కడే పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక మార్పు ఉంది. 2006 నాటి నోటిఫికేషన్‌లో ఈ అంశం కింద ఒక వివరణ ఉండేది. కప్పు ఉన్న నిర్మాణాలకు కట్టిన విస్తీర్ణం లెక్కలోకి తీసుకోవాలి, ఆరుబయట నడిచే సదుపాయాలకైతే పని జరిగే స్థలం మొత్తం లెక్కలోకి తీసుకోవాలి అని. ఆ లెక్కన ఐదెకరాల యార్డు ఉన్న డిపో పరిధిలోకి వచ్చేది. 2011 ఏప్రిల్ సవరణతో నిర్వచనం మారిపోయింది. అన్ని అంతస్తుల్లో కట్టిన లేదా కప్పిన విస్తీర్ణం, బేస్‌మెంట్, సర్వీస్ ఏరియాలు కలిపితే ఎంతో అంతే. ఆరుబయటి స్థలం మాట పోయింది. డిపోలో కప్పు ఉండేదెంత? గ్యారేజీ షెడ్డు, ఆఫీసు, టైర్ సెక్షన్, స్టోర్స్, సిబ్బంది విశ్రాంతి గది. అన్నీ కలిపినా 20,000కి దరిదాపుల్లోకి రావడం అరుదు. మిగతా స్థలమంతా బస్సులు నిలబడే, తిరిగే, నూనె కారే యార్డు. చట్టం కళ్లకు అది ఖాళీ స్థలం.

దీని పర్యవసానం ఒకటి ఆలోచించండి. యార్డు మీద సోలార్ పలకలతో పూర్తి కప్పు వేస్తే వాన నీళ్లు జిడ్డు నేలను తాకవు, కరెంటూ వస్తుంది. కానీ అప్పుడు అది కప్పిన విస్తీర్ణం కిందికి వచ్చి అనుమతి అవసరమయ్యే అవకాశం ఉంది. అదే స్థలాన్ని ఆరుబయట వదిలేస్తే ఏ అంచనా అక్కర్లేదు. మెరుగైన డిజైన్‌కు పరీక్ష, మామూలు డిజైన్‌కు మినహాయింపు. ఈ నిర్వచనం సరిచేయకుండా డిపోల పర్యావరణం గురించి ఎంత మాట్లాడినా ప్రయోజనం తక్కువ.

పరిధిలోకి వచ్చినా ఇంకో లోటు ఉంది. భవన నిర్మాణ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని అదే నోటిఫికేషన్ మినహాయించింది. అంటే గోడ పక్కింటివాళ్లకి తమ గోడు చెప్పుకోడానికి చట్టబద్ధమైన వేదిక ఎలాగూ లేదు.

అంతమాత్రాన డిపోకి నియమాలే లేవని కాదు. కాలుష్య నియంత్రణ మండలి ఉంది. 2016 వర్గీకరణ వాహనాల సర్వీసింగ్, రిపేరు, పెయింటింగ్ పనులను ఆరెంజ్ కేటగిరీలో, అంటే మధ్యస్థంగా కాలుష్యం చేసేవాటిలో పెట్టింది. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద కట్టేముందు సీఎఫ్‌ఈ (నిర్మాణానికి మండలి సమ్మతి), నడిపేముందు సీఎఫ్‌ఓ (నడపడానికి సమ్మతి) తీసుకోవాలి. ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది. పాత బ్యాటరీలకు 2022 నియమాలున్నాయి. బయటికి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇవన్నీ అవసరమే. ఐతే ఇవి డిపో ఎలా నడవాలో చెబుతాయి. ఆ డిపో ఆ చోటే ఉండాలా అని ఇవి అంత లోతుగా అడగవు.

ఇప్పుడు నీళ్ల సంగతి. డిపో విషయంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే.

ఒక్కో బస్సు కడగడానికి 200 లీటర్లు అనుకుందాం. వంద బస్సులకు రోజుకు 20,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ప్రాజెక్టు కాగితాల్లో మురుగునీరు అనగానే కనిపించేది ఈ నాలుగు ట్యాంకర్లే. దీనికోసం ర్యాంపు పక్కన నూనె వేరుచేసే తొట్టి కడతారు. మరి వాన? 20,000 చదరపు మీటర్ల కాంక్రీటు మీద ఒక మోస్తరు జల్లు, 10 మిల్లీమీటర్లు పడితే 2 లక్షల లీటర్లు. నలభై ట్యాంకర్లు. 100 మిల్లీమీటర్ల భారీ వాన పడితే 20 లక్షల లీటర్లు, నాలుగు వందల ట్యాంకర్లు. నాలుగు ట్యాంకర్లకు తొట్టి, నలభై ట్యాంకర్లకు తూము. పర్యావరణ అంచనా నిజాయితీగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఈ ఒక్క పోలిక చాలు.

మొదటి వాన ముఖ్యం. వారాల తరబడి నేలకు పట్టిన డీజిల్, గ్రీజు, బ్రేకు పొడి, టైరు అరిగిన తుక్కు మొదటి కొన్ని మిల్లీమీటర్లలోనే చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ తర్వాత వచ్చే నీళ్లు కాస్త తేటగా ఉంటాయి. కాబట్టి కురిసిన వాననంతా శుద్ధి చేయక్కర్లేదు, మొదటి భాగాన్ని పట్టి ఆపితే చాలావరకు పని అవుతుంది. మొదటి 10 మిల్లీమీటర్లు పట్టాలంటే పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు ఉన్న ట్యాంకు సరిపోతుంది. ఐదెకరాల్లో అది వంద చదరపు మీటర్లు, రెండు మూడు బస్సులు నిలిపే చోటు. నిర్మాణం మొదలవకముందే ప్లాన్‌లో గీస్తే అయిపోయే పని. కాంక్రీటు పోశాక యార్డు వాలు మార్చడం ఎవరి తరమూ కాదు.

నూనె తొట్టి పనితీరు కూడా కాగితం మీద కనిపించినంత సులువు కాదు. నూనె నీటి కన్నా తేలిక కాబట్టి పైకి తేలుతుంది, మధ్య గోడ కింద నుంచి నీళ్లు పక్క గదిలోకి వెళ్తాయి, నూనె ఇవతలే ఆగుతుంది. సూత్రం ఇంతే. కానీ గ్రీజు వదలడానికి సబ్బుపొడి, డిటర్జెంట్ వాడతారు. డిటర్జెంట్ నూనెను చాలా సన్నని బిందువులుగా విడగొట్టి నీటిలో కలిపేస్తుంది. ఆ బిందువులు తేలవు. పాలలా తెల్లగా మారిన నీళ్లు తొట్టిని దాటి నేరుగా కాల్వలోకి వెళ్లిపోతాయి. కాబట్టి తొట్టి ఉందా అని అడిగితే సరిపోదు. ఏ సబ్బు వాడతారు, ఇంజిన్ కడిగే చోటు, బాడీ కడిగే చోటు వేరువేరుగా ఉన్నాయా, తొట్టిలో పేరుకున్న బురద ఎవరు, ఎన్నాళ్లకు తీస్తారు అనేది అడగాలి. ఆ బురద కూడా ప్రమాదకర వ్యర్థమే.

ఇంకుడు గుంతల విషయంలో మంచి ఉద్దేశమే హాని చేయగలదు. పెద్ద స్థలాల్లో ఇంకుడు గుంతలు తవ్వాలని నియమం, మంచి నియమం. ఇళ్లకు, స్కూళ్లకు సరే. డిపో యార్డు నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లిస్తే మాత్రం మట్టి చేసే వడపోతను కూడా దాటవేసి నూనెను భూగర్భజలానికి దగ్గరి దారిలో పంపినట్టే. ఆఫీసు కప్పు మీద, షెడ్డు మీద పడిన వాన గుంతలోకి పోవచ్చు. యార్డు మీద పడిన చుక్క పోకూడదు. ఈ రెండు నీళ్లకు రెండు పైపులు ఉండాలని డ్రాయింగ్‌లోనే రాయాలి.

ఇంత ముఖ్యమైన వాన గురించి మామూలు అంచనా నివేదికలో ఏముంటుంది? ప్రాథమిక సమాచారాన్ని సాధారణంగా వర్షాకాలం కాని ఒక సీజన్‌లో, మూడు నెలలు సేకరిస్తారు. దుమ్ము కొలవడానికి ఎండాకాలం సరైనదే. డిపో అసలు సమస్య మాత్రం ఆ మూడు నెలల్లో కనిపించదు. ఏప్రిల్‌లో తీసిన నీటి నమూనాతో జులైలో చెరువు ఎలా ఉంటుందో ఎలా చెప్పగలం?

స్థలం ఎంపికలో జరిగే పొరపాటు ఎంత కాలం వెంటాడుతుందో ఢిల్లీ చూపించింది. 2010 కామన్వెల్త్ క్రీడల బస్సుల కోసం యమున వరద మైదానంలో మిలీనియం డిపో కట్టారు. అది తాత్కాలిక ఏర్పాటు అన్నారు. క్రీడలు అయిపోయాయి, డిపో ఉండిపోయింది. పర్యావరణవేత్తలు హైకోర్టుకి వెళ్లారు. మాస్టర్ ప్లాన్ ఒప్పుకోని చోట డిపో ఎలా ఉంటుందన్న వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 2015 జనవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ యమున వరద మైదానంలో నిర్మాణాలను నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. ఒకసారి కాంక్రీటు పోసి వందల బస్సులు నిలిపాక, వాటికి వేరే చోటు వెతకడం ప్రభుత్వానికి కూడా అంత సులువు కాలేదు. వరద మైదానం చౌకగా, చదునుగా, ఊరికి దగ్గరగా దొరుకుతుంది. డిపోకి కావల్సిన మూడు లక్షణాలూ అందులో ఉండటమే ప్రమాదం.

మనకు ఈ సంగతి కొత్త కాదు. హైదరాబాద్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మూసీ మధ్యలో, లంక లాంటి చోట ఉంది. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ పొంగి నీళ్లు స్టేషన్‌లోకి వచ్చాయి. రాత్రివేళ ప్రయాణికులు చిక్కుకుపోయారు, సర్వీసులను వేరే చోట్ల నుంచి నడపాల్సి వచ్చింది. అది ప్రయాణికుల స్టేషన్. అలాంటి చోట డీజిల్ ట్యాంకులు, పాత ఆయిల్ డ్రమ్ములు, బ్యాటరీ సెక్షన్ ఉన్న డిపో ఉంటే వరద నీటిలో ఏమేం కలిసేవో ఊహించడం కష్టం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నాటి భవన నియమాలు పదిహెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటల నుంచి 9 మీటర్లు బఫర్ వదలాలన్నాయి. అది చెరువుకూ భవనానికీ మధ్య దూరం చూసే కొలత. ఐదెకరాల జిడ్డు యార్డుకు ముప్పై మీటర్ల గడ్డి సరిపోతుందా అనేది విడిగా లెక్కేయాల్సిందే.

అలాగని డిపోను ఊరికి దూరంగా తోసేస్తే సమస్య తీరుతుందా? సిటీలో డిపో స్థలాలకు విలువ పెరిగే కొద్దీ ఈ ఆలోచన తరచూ వస్తుంది. ఆర్టీసీ భాషలో డెడ్ మైలేజ్ అంటారు, ప్రయాణికులు లేకుండా డిపో నుంచి మొదటి స్టాప్‌కు, చివరి స్టాప్ నుంచి డిపోకు నడిచే దూరం. డిపోను ఆరు కిలోమీటర్లు అవతలకి జరిపితే ఒక్కో బస్సుకు పొద్దున ఆరు, రాత్రి ఆరు. వంద బస్సులకు రోజుకు 1,200 కిలోమీటర్లు, ఏడాదికి 4,38,000. లీటరుకు ఐదు కిలోమీటర్లు వస్తుందనుకుంటే 87,600 లీటర్ల డీజిల్ ఖాళీ బస్సులే తాగేస్తాయి. లీటరు డీజిల్‌కు సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 235 టన్నులు. మధ్యాహ్నం డ్యూటీ మార్పుకి కూడా బస్సు డిపోకి వస్తే ఇది రెట్టింపు. ఆ డిపో ముప్పై నలభై ఏళ్లు అక్కడే ఉంటుంది. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం గురించి నివేదికల్లో పేజీలు ఉంటాయి, ఈ లెక్కకు ఒక పేరా కూడా దొరకదు. స్థలం ఎంపికే డిపో విషయంలో తీసుకునే అతి పెద్ద పర్యావరణ నిర్ణయం, అందుకే కనీసం రెండు మూడు స్థలాలకు డెడ్ మైలేజ్ లెక్క పక్కపక్కనే పెట్టి చూపించాలి.

చప్పుడు, పొగ రెండూ తెల్లవారుజాము సమస్యలే. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45. పది మీటర్ల దూరంలో ఒక బస్సు ఇంజిన్ 70 డెసిబెల్స్ వినిపిస్తుందనుకుంటే, ఇరవై బస్సులు కలిసి 83 అవుతాయి. దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు తగ్గినా, ఎనభై మీటర్ల దగ్గర 65 మిగులుతుంది. ఆ గంటసేపటి రొదను ఎనిమిది గంటల రాత్రికి సగటు చేస్తే 56కి దిగుతుంది. సగటు కూడా పరిమితి దాటింది, పైగా అసలు బాధ ఏమిటో సగటు చెప్పదు. నాలుగింటికి లేచిపోయిన పసిపిల్లకి గానీ, నైట్ డ్యూటీ నుంచి వచ్చి అప్పుడే పడుకున్న మనిషికి గానీ ఎనిమిది గంటల సగటుతో పని లేదు. వినిపించేది ఆ గంటే. ఫస్ట్ సర్వీసుల బస్సులను ఇళ్ల వైపు గోడకు దూరంగా నిలపడం, గాలి నింపడానికి యార్డులో కంప్రెసర్ లైను వేయడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనులు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది, డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది, ఇక పొగ సమస్య పోయిందని అనుకోవచ్చు. రోడ్డు మీద చాలావరకు నిజమే. కానీ నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే వ్యవస్థ వేడెక్కితేనే పని చేస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఖాళీగా ఉంచినప్పుడు అది దాదాపు పడుకునే ఉంటుంది. అంటే కొత్త బస్సు కూడా తన రోజులో ఎక్కువ మురికి వదిలే సమయం డిపోలోనే గడుపుతుంది.

ఎలక్ట్రిక్ బస్సులతో ఈ తెల్లవారుజాము రొద, పొగ చాలావరకు పోతాయి. పక్కింటివాళ్లకు ఇది నిజమైన ఊరట, తక్కువ చేసి చూడకూడదు. 2019లో మియాపూర్, కంటోన్మెంట్ డిపోల నుంచి ఎయిర్‌పోర్ట్‌కు, 2022లో తిరుమల కొండకు ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాక ఇది జనం చూసిన సంగతే. ఐనా లెక్క వేరే చోటికి మారుతుంది. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే పన్నెండు మీటర్ల బస్సు కిలోమీటరుకు 1.2 యూనిట్ల చొప్పున 240 యూనిట్లు తీసుకుంటుంది. వంద బస్సులకు 24,000. రాత్రి ఆరు గంటల్లో నింపాలంటే నాలుగు మెగావాట్ల లోడు. దానికి సబ్‌స్టేషన్, హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు లైను, ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. డిపో ప్రభావం అంచనా వేసేటప్పుడు ఆ లైను పోయే దారిలో చెట్లు కూడా డిపో ఖాతాలోనే రాయాలి.

కార్బన్ మాట కూడా దాచకుండా చెప్పాలి. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు 0.84 కిలోలు. లీటరుకు మూడు కిలోమీటర్లిచ్చే ఏసీ డీజిల్ బస్సు 0.89. ఐదు కిలోమీటర్లిచ్చే నాన్ ఏసీ పల్లెవెలుగు 0.54. బొగ్గు కరెంటు ఉన్నంత కాలం ఊరి గాలి బాగుపడుతుంది, వాతావరణ లెక్క మాత్రం ఏ బస్సు స్థానంలో ఏ బస్సు వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 4,000 చదరపు మీటర్ల షెడ్డు మీద సోలార్ పెడితే సుమారు 400 కిలోవాట్లు, రోజుకు 1,600 యూనిట్లు. కావల్సిన దాంట్లో ఏడు శాతం లోపే. యార్డంతా కప్పితే మూడో వంతు వస్తుంది. కప్పు వేయడం వల్ల నీళ్లకూ మేలే, కరెంటుకూ మేలే, చట్టమే అడ్డంగా ఉందని మొదట చెప్పుకున్నది ఇందుకే.

నిర్మాణ సమయంలో దుమ్ము, లారీలు, చెట్ల నరికివేత అన్ని పనులకూ ఉన్నవే. వాటికి నియమాలు, అలవాటైన పద్ధతులు ఉన్నాయి. పాత డిపో మూసేసి ఆ స్థలాన్ని షాపులకో ఇళ్లకో ఇచ్చేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. దశాబ్దాలు డీజిల్ ట్యాంకులు ఉన్న చోట మట్టిని, బోరు నీటిని పరీక్షించకుండా పునాది తీయకూడదు.

ఊరి పక్కన డిపో వస్తోందని తెలిస్తే అక్కడి జనం అడగదగిన కాగితాలు రెండున్నాయి. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్‌ఈ ఒకటి, యార్డు డ్రైనేజీ డ్రాయింగ్ ఇంకోటి. ఆర్టీసీ ప్రభుత్వ సంస్థ, మండలి ప్రభుత్వ సంస్థ, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. రెండో కాగితంలో బాణం గుర్తులు ఉంటాయి, నీళ్లు ఎటు పారతాయో చూపించేవి. ఆ బాణాల్లో చివరిది ప్రహరీ దగ్గర ఆగిపోయి ఉంటే, గోడ అవతల ఏముందో వెళ్లి చూసి, ఫోటో తీసి, ఆ ఫోటోతో సహా మండలికి రాయాలి. కాంక్రీటు పోయకముందే రాయాలి.